చిట్టాలలో దొరికిన పూర్వీకులు

ఏరు మూలం, ఋషి మూలం అడగకూడదని మన పెద్దలు అంటారు. అడిగితే ఏం బయటపడుతుందోనన్న జంకు ఆ మాటలో ఉంది. అయినా తన మూలం తెలుసుకోవాలన్న కోరిక మనిషికి చావదు. పుట్టిన గడ్డ విడిచి రెండు మూడు తరాలు గడిచినవారికి అది మరీ ఎక్కువ. ఈ సంగతి మన పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. "మన ముత్తాతలు ఏ ఊరి నుంచి వచ్చారు?" అని పిల్లలు అడిగితే సగం జవాబు చెప్పి, మిగతా సగం నమిలి మింగే ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి.

అయితే ఈ వ్యాసం మాల్టా దేశం వారి గురించి. ఆమధ్య సెలవు పెట్టి, మెల్బోర్న్‌లో కాపురముంటున్న మా అమ్మాయి దగ్గర రెండు నెలలు గడిపాను. పక్కింటి పెద్దావిడ మాల్టాలో పుట్టి, ఆరేళ్ళ వయసులో తల్లిదండ్రులతో ఆస్ట్రేలియా చేరినావిడ. ఎనభై ఏళ్ళ వయసులో తన పూర్వీకుల జాడ తీస్తున్నారు. నేను బ్యాంకు ఉద్యోగినని, పాత రిజిస్టర్లు చూడడం అలవాటని తెలిసి తన ఫైలు చూపించారు. ఒక గంట చూద్దామని తెరిచిన ఫైలు ఆ రెండు నెలలూ నన్ను వదలలేదు. బ్యాంకులో వారసుల క్లెయిములు ఎన్నో చూసినవాణ్ణి కాబట్టి, ఒక దేశం దేశమంతా తన వంశచరిత్రను చిట్టాలలో దాచుకున్న తీరు నాకు అబ్బురమనిపించింది. ఆ తీరును, ఆవిడ ఫైలులో తేలిన ఒక నిజాన్ని మీతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

చిన్న దేశం, పెద్ద చరిత్ర

మాల్టా ఇటలీ దేశపు సిసిలీ దీవికి దక్షిణంగా మధ్యధరా సముద్రంలో ఉంది. మాల్టా, గోజో, కొమీనో అనే దీవులు అన్నీ కలిపినా 316 చదరపు కిలోమీటర్లే. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది సుమారు 5 లక్షల 20 వేల మంది. మన దేశంలో ఒక మోస్తరు పట్టణపు జనాభా అది.

ఇంత చిన్న దేశాన్ని ఏలని వారు లేరు. అరబ్బులు, నార్మన్లు, సిసిలీ రాజులు, స్పెయిన్ రాజులు వరుసగా ఏలారు. 1530లో ఐదవ చార్లెస్ చక్రవర్తి దానిని సెయింట్ జాన్ వీరుల సంఘానికి ఇచ్చాడు. 1798లో నెపోలియన్ వారిని వెళ్ళగొట్టాడు. 1800లో ఫ్రెంచివారు పోయి బ్రిటిష్‌వారు వచ్చారు. 1964 సెప్టెంబరు 21న స్వాతంత్ర్యం వచ్చింది. 1974లో గణతంత్రమైంది.

ఏలికలు మారినప్పుడల్లా రాతకోతల భాష కూడా మారింది. చర్చి పుస్తకాలు లాటిన్‌లో, సర్కారు కాగితాలు చాలాకాలం ఇటాలియన్‌లో, ఆపైన ఇంగ్లీషులో ఉండేవి. ఇంట్లో మాట్లాడేది మాత్రం మాల్టా భాష. అది అరబ్బీ కుదురు నుంచి పుట్టి, సిసిలీ మాటలు కలుపుకొని, రోమన్ లిపిలో రాయబడుతున్న భాష. 1934 వరకు దానికి అధికార హోదాయే లేదు.

దీనివల్ల వచ్చే చిక్కు చూడండి. జోసెఫ్ అనే ఒక మనిషి చర్చి పుస్తకంలో 'యోసెఫుస్', సర్కారు రిజిస్టరులో 'జుసెప్పె', ఇంట్లో 'జుజెప్పి', ఆస్ట్రేలియాలో దిగాక 'జో'. నాలుగు పేర్లూ ఒక్కడివే. మన బ్యాంకులో ఇంటిపేరు ముందో వెనకో రాస్తేనే ఖాతాదారును నాలుగుసార్లు తిప్పుతాం కదా!

ఎవరు ఎందుకు రాశారు?

మాల్టా వారికి ఉన్న అదృష్టం, పుట్టుక పెళ్ళి చావులను ఎవరో ఒకరు రాసి ఉంచడం. అయితే రాసినవారిలో ఎవరూ వంశచరిత్ర కోసం రాయలేదు. ఎవరి పని వారు చేసుకుపోయారు.

మొదటివి చర్చి పుస్తకాలు. 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ ప్రతి పారిష్‌లో, అంటే ప్రతి చర్చి పరిధిలో, జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు పుస్తకంలో రాయాలని కట్టుబాటు చేసింది. 1614 నాటి పద్ధతుల గ్రంథంతో మరణాలకు, ఇంటింటి జాబితాకు కూడా నియమం వచ్చింది. ఈ ఇంటింటి జాబితాకు లాటిన్‌లో 'స్తాతుస్ అనిమారుమ్' అని పేరు. అంటే 'ఆత్మల లెక్క'. ఈస్టరు పండుగకు ముందు మతగురువు వీధి వెంట వెళ్ళి, ఏ ఇంట్లో ఎవరెవరున్నారో రాసుకునేవాడు. పండుగనాడు మతవిధులు ఎవరు పాటించారో చూసుకోవడం ఆయన ఉద్దేశం. మూడు వందల ఏళ్ళ తర్వాత అదే ఒక కుటుంబపు గుంపు చిత్రంలా పనికొస్తోంది.

వీటిలో పెళ్ళి నమోదు అన్నిటికన్నా విలువైనది. వాణిజ్యశాస్త్రం చదువుకున్నవాడిగా దానిని నేను 'జంట పద్దు' అంటాను. అందులో వరుడి తల్లిదండ్రులు ఒక పక్క, వధువు తల్లిదండ్రులు మరో పక్క ఉంటారు. సాధారణంగా తల్లుల పుట్టింటి ఇంటిపేర్లు కూడా ఉంటాయి. ఒక్క పెళ్ళి నమోదు దొరికితే పై తరానికి రెండు తలుపులు తెరుచుకుంటాయి. ఆ పై తరం పెళ్ళిళ్ళు దొరికితే నాలుగు తలుపులు. అలా మెట్టు మెట్టుగా పదిహేడవ శతాబ్దం వరకు వెళ్ళిన కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి.

మనకు మేనరికం ముద్దు. వారికి దగ్గర బంధువుల పెళ్ళికి చర్చి అనుమతి కావాలి. నాలుగో తరం బంధుత్వం దాకా ఈ నిషేధం ఉండేది. అనుమతి కోరేవారు తమ ఉమ్మడి పూర్వీకుడెవరో చూపాలి గనుక ఆ దరఖాస్తులో వంశవృక్షం తయారుగా దొరుకుతుంది. పరదేశపు నావికుడు మాల్టా పిల్లను చేసుకోవాలంటే తనకు ఇదివరకు పెళ్ళి కాలేదని సాక్షులతో రుజువు చేసుకోవాలి. ఆ కాగితాలలో అతడి సొంత ఊరు బయటపడుతుంది.

రెండవవి నోటరీల దస్తావేజులు. వాలెట్టా నగరంలోని నోటరీ దస్త్రాల భాండాగారంలో పదిహేనవ శతాబ్దం నుంచి 20 వేలకు పైగా సంపుటాలున్నాయి. వీలునామాలు, కట్నపు ఒప్పందాలు, పొలం అమ్మకాలు, అప్పు పత్రాలు, కుర్రవాణ్ణి పనిలో పెట్టే ఒడంబడికలు, సముద్రపు దొంగలకు చిక్కినవారిని విడిపించే సొమ్ము లెక్కలు అన్నీ అక్కడే. చర్చి పుస్తకం మనిషి పుట్టాడని, పోయాడని చెబుతుంది. ఈ రెంటి మధ్య ఎలా బతికాడో నోటరీ చెబుతాడు.

దస్తావేజుల గదిలో దుమ్ము తప్ప ఏముంటుంది అనుకునేవారికి ఒక ముచ్చట. మాల్టా భాషలో దొరికిన అతి పాత కవిత పేరు 'కాంతిలేనా'. రాసినది 1485లో మరణించిన పియెత్రో కషారో. దానిని 1966లో గాడ్‌ఫ్రీ వెటింగర్, మికీల్ ఫ్‌సాద్నీ అనే ఇద్దరు పరిశోధకులు కనుగొన్నారు. ఎక్కడో తెలుసా? ఆ కవి బంధువైన ఒక నోటరీ రిజిస్టరులో! ఆ నోటరీకి తన బంధువు మీదున్న అభిమానం వల్ల ఒక జాతి తొలి కవిత నిలిచింది.

మూడవవి సర్కారు రిజిస్టర్లు. 1863 నుంచి జనన, వివాహ, మరణాల నమోదు మొదలైంది. నాలుగవవి, రాబాత్ పట్టణంలో పూర్వం ఆసుపత్రిగా ఉన్న శాంతో స్పిరితో భవనంలోని జాతీయ పురావస్తు పత్రాలయంలో ఉన్న పాస్‌పోర్టు దరఖాస్తులు. ఇరవయ్యవ శతాబ్దపు దరఖాస్తులలో ఫొటోలు కూడా కనిపిస్తాయి. ఇప్పుడు వీటిలో కొన్నిటిని ఇంట్లో కూర్చుని కంప్యూటరులో చూడవచ్చు. మరికొన్నిటికి అక్కడికి వెళ్ళవలసిందే.

అన్నీ నిండుగా ఉన్నాయనుకోకండి. 1551లో తురుష్కుల నౌకాదళం గోజో దీవి మీద పడి, సుమారు 5 వేల మందిని, అంటే దాదాపు దీవి మొత్తాన్ని, బానిసలుగా పట్టుకుపోయింది. అందుకే చాలా గోజో కుటుంబాల చరిత్ర ఆ సంవత్సరం దగ్గర గోడకు కొట్టుకుని ఆగుతుంది. 1675–76 ప్లేగులో మాల్టాలో సుమారు 11 వేల మంది పోయారు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ దీవి మీద కురిసిన బాంబులకు లెక్కలేదు. ఆ ధైర్యానికి మెచ్చి 1942 ఏప్రిల్‌లో బ్రిటిష్ రాజు దీవి మొత్తానికీ జార్జ్ క్రాస్ పతకం ఇచ్చాడు. ఇన్ని గండాలు గడిచి మిగిలిన పుస్తకాలు అవి.

పేరు ఒకటే, మనుషులు ఇద్దరు

మాల్టాలో ఇంటిపేర్లు చాలా తక్కువ. బోర్గ్, కామిలేరి, వెల్లా, ఫరూజా, జమ్మిత్ లాంటి కొద్ది ఇంటిపేర్లలోనే జనాభాలో పెద్ద భాగం ఇమిడిపోతుంది. 1419–20 నాటి ఊరి కావలి సైన్యపు జాబితా ఒకటి దొరికింది. పైన చెప్పిన వెటింగర్ దానిని ప్రచురించారు. నేటి ఇంటిపేర్లు ఎన్నో అందులోనే కనిపిస్తాయి. కస్సార్ అనే ఇంటిపేరుకు అరబ్బీలో కోట అనే మాట మూలమంటారు. స్పితేరి అన్నది ఆసుపత్రికి సంబంధించిన మాట.

ఇంటిపేర్లు కొన్నే, పెట్టుకునే పేర్లు కూడా పునీతుల పేర్లలో కొన్నే. పైగా మొదటి కొడుక్కి తాతగారి పేరు పెట్టడం మన ఇళ్ళలో లాగే అక్కడా ఆచారం. ఒక తాతకు నలుగురు కొడుకులుంటే ఒకే పేరుతో నలుగురు మనవలు తయారు! ఒకే ఊళ్ళో, ఒకే ఈడు వాళ్ళు.

ఈ తికమకకు ఊరివాళ్ళే ఉపాయం కనిపెట్టుకున్నారు. కుటుంబానికి ఒక మారుపేరు పెడతారు. దానిని వారి భాషలో 'లాఅమ్' అంటారు. వృత్తిని బట్టో, ముత్తాత వాలకాన్ని బట్టో, ఎప్పుడో జరిగిన ఒక సంఘటనను బట్టో అది వస్తుంది. మన పల్లెల్లోనూ ఒకే ఇంటిపేరువారు పది గడపలుంటే 'చింతచెట్టు వారు', 'పెద్దింటి వారు' అని పిలుచుకోవడం లేదూ? కాగితం మీద ఎక్కడోగాని ఎక్కని ఆ పిలుపే ఒక్కోసారి తాళంచెవి అవుతుంది.

పక్కింటి పెద్దావిడ ఫైలులో ఇదే జరిగింది. ఆవిడ తాతగారి పేరుతో ఆ ఊళ్ళో ఇద్దరున్నారు. డబ్బు పుచ్చుకున్న ఒక ఏజెంటు వేరేవాడి జనన పత్రం పంపించాడు. ఆవిడ ఏడాదిపాటు ఆ పరాయి మనిషి తాతలను తన తాతలనుకుని వెతికారు. చివరకు వాళ్ళ మేనత్త రాసిన పాత ఉత్తరం ఒకటి బయటపడింది. అందులో పుట్టింటిని 'తల్ హోబ్స్' అని రాసి ఉంది. అంటే 'రొట్టెల వారు'. ఆవిడ తండ్రిగారి జనన నమోదులో ఆయన తండ్రి వృత్తి రొట్టెలు కాల్చేవాడని ఉంది. ఏజెంటు పంపిన పత్రంలోని మనిషి, తన పిల్లల జనన నమోదులలో వ్యవసాయదారు. రెండు వేరువేరు సాక్ష్యాలు ఒకే మాట చెప్పాయి. బ్యాంకులో సంతకం ఒక్కటే చూసి చెల్లించం, ఫొటో కూడా చూస్తాం. ఇదీ అంతే.

ఓడలెక్కినవారు

దీవి చిన్నది, పొలం తక్కువ, పిల్లలు ఎక్కువ. పందొమ్మిదవ శతాబ్దంలో మాల్టా వారు అల్జీరియా, ట్యునీసియా, ట్రిపోలీ, ఈజిప్టు తీరాలకు వేలాదిగా వెళ్ళారు. తర్వాత అమెరికాలో మోటారుకార్ల నగరమైన డెట్రాయిట్‌కు, కెనడాలో టొరాంటోకు, ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్ చెరుకు తోటలకు వెళ్ళారు.

వెళ్ళినచోట ఎర్ర తివాచీ ఏమీ పరవలేదు. 1916లో 'గాంజ్' అనే ఫ్రెంచి ఓడలో 214 మంది మాల్టావారు ఆస్ట్రేలియా చేరారు. అప్పట్లో అక్కడ వలస వచ్చేవారికి ఏదైనా ఒక యూరప్ భాషలో డిక్టేషన్ పరీక్ష పెట్టవచ్చునని చట్టం. వాళ్ళు బ్రిటిష్ ప్రజలే. అయినా డచ్చి భాషలో పరీక్ష పెట్టారు! ఒక్కరూ నెగ్గలేదు. ఓడ వారిని న్యూ కాలెడోనియా దీవికి తీసుకుపోయింది. తిరిగి సిడ్నీ తెచ్చాక కూడా నిర్బంధంలోనే ఉంచి, 1917లో గాని దేశంలోకి అడుగుపెట్టనివ్వలేదు.

1948లో మాల్టా, ఆస్ట్రేలియా ప్రభుత్వాలు ప్రయాణ ఖర్చు భరించే ఒప్పందం చేసుకున్నాయి. ఆ తర్వాత కుటుంబాలకు కుటుంబాలే వచ్చాయి. మెల్బోర్న్ పడమటి శివార్లలో నేటికీ వారి క్లబ్బులు, చర్చి పండుగలు కనిపిస్తాయి.

వీరి మనవలకు ఇప్పుడు పూర్వీకుల కాగితాలు సరదా కోసమే కాదు, అవసరానికి కూడా కావాలి. 2000లో మాల్టా ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించింది. 2007లో చట్టం మరికాస్త సడలించింది. మాల్టాలో పుట్టిన పూర్వీకుడు, ఆయన తల్లిదండ్రులలో ఒకరు కూడా మాల్టాలోనే పుట్టి ఉంటే, విదేశాలలో పుట్టిన తర్వాతి తరాలవారు కూడా పౌరసత్వం నమోదు చేసుకోవచ్చు. ప్రతి తరానికీ పత్రం చూపాలి. గొలుసులో ఒక్క కొక్కెం లేకపోయినా దరఖాస్తు ఆగుతుంది. పెద్దావిడ వెతుకులాట మొదలైనదీ మనవడి దరఖాస్తు కోసమే. కాని ఆవిడ మనసులో ఉన్నది వేరు.

'క్వోందామ్' అనే ఒక్క మాట

ఆవిడ తండ్రికి ఏడేళ్ళప్పుడు తాతగారు పని కోసం ట్యునీసియా వెళ్ళాడు. తిరిగి రాలేదు. అక్కడ వేరే కాపురం పెట్టుకుని ముప్పయ్యేళ్ళు హాయిగా బతికాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ కోపంతో ఆవిడ తండ్రి ఆచారం తప్పి, ముగ్గురు కొడుకులలో ఎవరికీ తన తండ్రి పేరు పెట్టలేదు. ఆ పేరు ఇంట్లో పలకకూడదు. గోడ మీద అందరి ఫొటోలూ ఉండేవి, ఆయనది తప్ప.

పాస్‌పోర్టు దరఖాస్తు నకలు వచ్చినప్పుడు ఎనభై ఏళ్ళ మనవరాలు మొదటిసారి తాత ముఖం చూశారు. వెళ్ళినది 1919లో అని దానివల్ల తేలింది. ఫైలులో మేనత్తలిద్దరి పెళ్ళి నమోదులు కూడా ఉన్నాయి. ఒకటి 1918ది, మరొకటి 1921ది. పేర్లన్నీ ఆవిడ ఎత్తి రాసుకున్నారు. రెండవ దానిలో తండ్రి పేరుకు ముందు ఒక చిన్న మాట అదనంగా ఉంది. మొదటి దానిలో లేదు. పద్దులో ఒకచోట ఉండి మరోచోట లేని గుర్తు కనబడితే అదేమిటని అడగకుండా ఉండలేను. ముప్పయ్యేళ్ళ నౌకరీ నేర్పిన అలవాటు అది. నిఘంటువు తీసి చూశాం. 'క్వోందామ్' అని లాటిన్ మాట. 'ఒకప్పటి' అని అర్థం. చర్చి పుస్తకాలలో చనిపోయినవారి పేరు ముందు రాస్తారు. మన శుభలేఖలలో తాతగారి పేరు ముందు వేసే 'కీ.శే.' లాంటిది.

అంటే ఇల్లు వదిలిన రెండేళ్ళలోపే ఆయన పోయాడు.

ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా నాన్నకు ఇది తెలియకుండానే పోయారు" అన్నారు.

ఆ ఒక్క మాట దేనిని రుజువు చేస్తుందో, దేనిని చేయదో వేరు చేసుకోవాలి. బతికి ఉంటే ఆయన తిరిగి వచ్చేవాడని అది చెప్పదు. అక్కడ ఎలా ఉన్నాడో చెప్పదు. కాని ముప్పయ్యేళ్ళ వేరు కాపురం కథ మాత్రం ఇక నిలవదు. కూతురి పెళ్ళిలో మతగురువు ఆ మాట రాశాడంటే నానమ్మకు సంగతి తెలిసే ఉండాలి. మరి తొమ్మిదేళ్ళ కొడుకుకు చావు కబురు చెప్పలేక ఊరుకుందో, ఊరివాళ్ళ గుసగుసలు ఆ పసివాడి చెవిన ముందే పడ్డాయో! ఏ రిజిస్టరులోనూ అది ఉండదు. వంశవృక్షం కాగితంలో ఆవిడ ఇన్నాళ్ళూ ఖాళీగా వదిలిన గడిలో తాతగారి పేరు తన చేత్తో రాసి, పక్కన మరణం 1919కి, 1921కి మధ్య అని రాశారు. స్థలం దగ్గర గీత గీసి వదిలేశారు.

మనకు పనికొచ్చే మాట

మాల్టావారి వెతుకులాటలో నాకు నచ్చినది ఆ క్రమశిక్షణ. తెలిసినదాని నుంచి తెలియనిదానికి ఒక్కొక్క తరం వెనక్కి నడుస్తారు. ఎప్పుడో ఏలిన ఏ వీరుడికో ముడిపెట్టుకుని కిందికి రారు. వచ్చేవారు ఉన్నా వారి మాట పత్రం ముందు నిలవదు. పేరు ఒక్కటే కలిస్తే చాలనుకోరు. భార్య పేరు, తల్లి పుట్టింటి పేరు, ఊరు, వృత్తి కూడా కలవాలి. ఇంట్లో చెప్పుకునే కథను పారేయరు, అలాగని పత్రంతో కలిపి రాయరు. కథకు ఒక పుట, పత్రానికి ఒక పుట.

మన ఇళ్ళలోనూ పాత దస్తావేజులు, శుభలేఖలు, ఉత్తరాలు, బడి సర్టిఫికెట్లు అటకల మీద ఉన్నాయి. వాటికన్నా ముందు పోయేది మనుషుల జ్ఞాపకం. పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని పేర్లు రాసుకునేటప్పుడు ఊరు ఆ ఇంటిని ఏమని పిలిచేదో కూడా అడగండి. అమ్మమ్మ, నానమ్మల పుట్టింటి ఇంటిపేర్లు తప్పక అడగండి. మన వంశవృక్షాలలో ఎక్కువగా రాలిపోయేవి అవే. ఎవరి గురించైనా "ఆయన సంగతి ఎందుకులే" అంటే, ఆ పేరు కూడా రాసుకుని పక్కన ఖాళీ ఉంచండి. ఒకరోజు దానికెదురుగా రాయవలసిన మాట దొరకవచ్చు.